ఇప్పపూలు తిన్నదెవరో ఇంకా తేలలేదు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడదామనుకున్నాను. కానీ అది పెద్దదే అనడానికి నా దగ్గర రుజువు లేదు. కొలిచినవాళ్ళు లేరు, కొలిచామని ఒప్పుకునేవాళ్ళు అసలే లేరు. అందుచేత, పెద్దదన్న పేరు మోస్తున్న ఒక అడవిలో, ఎలుగుబంటి అన్న పేరు మోస్తున్న జాంబయ్య గారు అధ్యక్షుడిగా ఉండేవారు.

ఆ అడవికి రెండు ఆచారాలు ఉండేవి.

మొదటిది ఇప్పపూల గుహ. ఇప్పచెట్లు పూలు రాల్చే రోజుల్లో జంతువులన్నీ కడుపునిండా తిని, మిగిలినవి ఏరి, ఎండబెట్టి, కొండకింద గుహలో పోసేవి. ఎండలు ముదిరి గడ్డి మాడిపోయాక పాలిచ్చే తల్లులకు ఆ పూలే ఆధారం. గుహకి కాపలా అధ్యక్షుడి బాధ్యత.

రెండవది కొండముచ్చు కేక. చిటారు కొమ్మన కొండముచ్చు కూర్చుంటుంది. కింద దుప్పులు మేస్తుంటాయి. పెద్దపులి కదలిక కనబడగానే కొండముచ్చు "ఖర్ర్!" మంటుంది. అంతే, దుప్పులు గాలిలో ఉంటాయి. ఆ కేకకి ముందుమాట లేదు, వివరణ లేదు. ఏ దుప్పీ ఆగి, "ఏ ఆధారంతో అంటున్నావు?" అని అడిగిన దాఖలా లేదు. అలా అడిగే దుప్పుల వంశం ఎప్పుడో అంతరించి ఉంటుంది.

ఆ ఏడు కాపలా చెట్టు మీద ఉన్నది నూకాలు. వయసు చిన్నది, గొంతు పెద్దది. అడవి అంచున రోడ్డు మీద మనుషులు జెండాలు పట్టుకుని పోయే ఊరేగింపులన్నీ చెట్టు మీంచి చూసి, నినాదాలన్నీ కంఠస్థం చేసింది. ఏది నశించాలో ఆలోచించుకోకముందే "నశించాలి!" అనేసేది. పెద్ద జంతువులు దాన్ని చూసి నవ్వుకునేవి. నవ్వుకుంటూనే దాని చెట్టు కిందే మేసేవి.

ఆ చెట్టు కింద చుక్కమ్మ అనే దుప్పి ఉండేది. ఆమెకి ఆ మధ్యే ఒక పిల్ల పుట్టింది. ఇంకా కాళ్ళు సరిగా నిలవని పిల్ల.

ఎండలు ముదిరాయి. చుక్కమ్మకి పాలు తగ్గాయి. తల్లులందరితో కలిసి గుహ దగ్గరికి నడిచింది. వెనకే అడవంతా వచ్చింది. నూకాలు కొమ్మల మీదుగా వచ్చింది.

గుహ ఖాళీ.

గుమ్మంలో జాంబయ్య గారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. పొట్ట ఆకాశం వైపు చూస్తోంది. చెవులకీ, చంకలకీ, మూతికీ పూలరేకలు. ఏదో కూనిరాగం తీస్తున్నారు. ఆయన ఊపిరి తగిలిన ఈగలు తూలిపోతున్నాయి.

"అధ్యక్షా, పూలేవి?" అంది చుక్కమ్మ.

"ఏ పూలు?" అన్నారు జాంబయ్య గారు, నోట్లోని పూవు ఒకటి ఉమ్మేసి.

నూకాలుకి ఒళ్ళు మండింది. "దొంగ! తల్లుల నోటి దగ్గరి తిండి మింగిన దొంగ! పూలు ప్రజలవి! దొంగ అధ్యక్షుడు నశించాలి!"

"నశించాలి!" అన్నాయి కుందేళ్ళు. "నశించాలి!" అన్నాయి అడవికోళ్ళు.

జాంబయ్య గారికి మత్తు దిగింది. "వకీలు గారూ!" అని కేకేశారు.

పొద వెనక నుంచి గుంటనక్క వకీలు లేచి వచ్చాడు. పొద వెనక ఏం చేస్తున్నాడన్నది కూడా ఇంకా తేలలేదు.

"ఎవరమ్మా దొంగ అన్నది?"

"నేనే. నూకాల్ని. ఇంకోసారి అనమంటావా?"

"ఆయన తింటుంటే చూశావా?"

"గుహలోకి వెళ్ళేటప్పుడు బక్కగా ఉన్నాడు. వచ్చేటప్పుడు గుమ్మం పట్టలేదు."

"అది కాదు తల్లీ అడిగింది. నోట్లో వేసుకోవడం చూశావా?"

"లోపల చీకటి కదయ్యా!"

"చీకటి!" వకీలు జనం వైపు తిరిగాడు. "విన్నారా? సాక్షే ఒప్పుకుంది, ఈ విషయంలో తనకేమీ కనబడలేదని."

"మరి ఒంటి మీద ఆ రేకలేమిటి?" అంది చుక్కమ్మ.

"గాలికి వచ్చి అంటుకున్నవి. గాలిని పిలిపించి విచారిద్దాం, వస్తే."

"ఆ పొట్ట?"

"ప్రజల కష్టాలన్నీ కడుపులో పెట్టుకుని తిరిగే నాయకుడమ్మా ఆయన. మీ కష్టాలు ఎక్కువయ్యాయి, ఆయన పొట్ట పెరిగింది."

ఆ మాటకి జాంబయ్య గారు కళ్ళు తుడుచుకుని, గట్టిగా తేన్చారు.

"ఆ తేన్పు?" అంది నూకాలు.

"ఆవేదన."

జనంలో సగం నవ్వారు. మిగతా సగం తలలూపారు. తలలూపినవాళ్ళని చూసి నూకాలు ఇంకా రెచ్చిపోయింది.

"ఏమయ్యా వకీలూ! పోయిన ఏడు పిడికెడు పూలు తగ్గాయని పునుగుపిల్లిని తరిమారే! అటుగా నడిచి వెళ్ళిందన్న పాపానికి తోక కొరికి వాగు దాటించారే! వాన నీళ్ళకి పూలు కొట్టుకుపోయాయని తర్వాత తెలిసింది. ఆ పిల్లికి రుజువు అడిగావా?"

వకీలు ఇందుకోసమే కాచుకుని ఉన్నాడు. గొంతు వణికించాడు.

"అడగలేదు. అదే కదమ్మా మనం చేసిన తప్పు! ఒక అమాయకురాలి బతుకు నాశనం చేశాం. ఇక్కడున్నవాళ్ళలో ఆమె తోక కొరకనివారెవరో ముందుకు రండి."

ఎవరూ రాలేదు. అందరూ తమ కాళ్ళ వైపు చూసుకున్నారు. కుందేలు కూడా. కుందేలు గట్టిగానే కొరికింది.

"అలాంటి అన్యాయం ఈ అడవిలో మళ్ళీ జరగకూడదు," అన్నాడు వకీలు. "అందుకే ఒక చట్టం కావాలి. కోర్టులో తేలేదాకా ఎవరినీ ఏమీ అనకూడదు."

సిగ్గుపడుతున్న జనం వెంటనే చేతులెత్తారు. పునుగుపిల్లి గాయానికని తెచ్చిన కట్టు అలా జాంబయ్య గారి పొట్ట చుట్టూ బిగిసింది.

"సరే, పునుగుపిల్లిని వెనక్కి పిలవండి మరి," అంది నూకాలు.

"పాత సంగతులకి కొత్త చట్టం వర్తించదమ్మా. అయినా ఆమెకి పదవి లేదు. పదవే లేనివాళ్ళకి పరువు పోవడానికేముంది?"

దానికి పరువు చట్టం అని పేరు పెట్టారు. పూలకేసు కోర్టుకి పంపారు.

కోర్టంటే కొండచిలువ గారు. కొండరాతి మీద చుట్టచుట్టుకుని ఉంటారు. భోజనానికీ భోజనానికీ మధ్య ఒక వాయిదా వేస్తారు. పూలకేసులో కళ్ళతో చూసిన సాక్షి ఒక్కటే, గుహలో కాపురముండే పందికొక్కు. దాన్ని నూకాలు బతిమాలి, ధైర్యం చెప్పి, నినాదాలిచ్చి కోర్టుకి తీసుకొచ్చింది.

"ఇంత గోలలో సాక్షి చెప్పలేడు," అన్నారు కొండచిలువ గారు. "అందరూ బయటికి వెళ్ళండి. నేను ఒంటరిగా వింటాను."

అందరూ వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి రాతి మీద కొండచిలువ గారు ఒక్కరే ఉన్నారు. మెడకి కాస్త కింద చిన్న బొడిపె ఉంది.

"పందికొక్కు ఏదండీ?" అంది నూకాలు.

"సాక్ష్యం పూర్తిగా స్వీకరించాం," అన్నారు కొండచిలువ గారు, కళ్ళు మూసుకుంటూ. "అరిగాక తీర్పు."

చుక్కమ్మ పిల్ల ఆ వేళ ఎండుటాకులు నమిలి పడుకుంది.

చట్టం వచ్చిందని విని మొదట సంబరపడింది పెద్దపులి గారు. చట్టం వచ్చాక నేనూ గారు అనే రాయాలి కదా. ఆయన సభకి వచ్చి, కూర్చుని, కంటతడి పెట్టుకున్నారు.

"నేను కనబడితే చాలు, ఈ కొండముచ్చు ఖర్ర్ మంటుంది. ఎందుకు? నన్ను ఏ కోర్టయినా హంతకుడని తేల్చిందా? నామీద ఒక్క తీర్పయినా ఉందా?"

"లేదు," అన్నాడు వకీలు. "మీ ఒంటి మీద చారలున్నాయి గానీ మచ్చ ఒక్కటీ లేదు."

జాంబయ్య గారు ఇబ్బందిగా కదిలారు. ఆయనకీ పెద్దపులి గారంటే భయమే. కానీ చట్టం తనకి ఉండి పెద్దపులి గారికి లేదంటే, జనం ఆలోచించడం మొదలుపెడతారు. అదీగాక నూకాలు నోరు పూర్తిగా మూయించడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

"నూకాలూ, నువ్వు ఖర్ర్ మన్నావంటే అర్థమేమిటి?" అని అడిగాడు వకీలు.

"చంపడానికి వస్తున్నాడని."

"నువ్వు అరిచేసరికి చంపాడా?"

"చంపాక అరిస్తే ఏం లాభం?"

"అంటే చంపకముందే అంటున్నావు. నేరం జరగకముందే నేరస్థుడంటున్నావు. రుజువు ఉండే అవకాశమే లేనప్పుడు అంటున్నావు!"

ఆ సాయంత్రమే కేకకి కొత్త నమూనా తయారైంది. ఇకమీద నూకాలు ఖర్ర్ మనకూడదు. ఇలా అనాలి: "గౌరవనీయులు, ప్రజాబంధువు, వివిధ ఆరోపణలు ఎదుర్కొంటున్నప్పటికీ ఇంతవరకు ఏ న్యాయస్థానంలోనూ దోషిగా తేలనివారు, అడవి ప్రగతికి అహర్నిశలూ పాటుపడుతున్నవారు అయిన ఒక ప్రముఖులు తూర్పు దిక్కు నుంచి విచ్చేస్తున్నట్టు తెలుస్తోంది." పెద్దపులి గారికైనా, జాంబయ్య గారికైనా, పదవిలో ఉన్న ఎవరి గురించి మాట్లాడినా ఇదే వరస. ఒక్క మాట తగ్గినా చెట్టు దింపేస్తారు.

నేల మీదికి దిగిన కొండముచ్చు ఎంతసేపు బతుకుతుందో పెద్దపులి గారికి తెలుసు. నూకాలుకీ తెలుసు.

మర్నాడే పరీక్ష వచ్చింది. తూర్పున గడ్డి కదిలింది. నూకాలు గొంతులోకి ఖర్ర్ వచ్చి ఆగింది. మింగేసి మొదలుపెట్టింది. "గౌరవనీయులు, ప్రజాబంధువు, వివిధ ఆరోపణలు..."

కింద మనుబోతు మాస్టారు మేత ఆపి, తల వంచి, శ్రద్ధగా వినసాగారు. ఆయన నిబంధనలకి విలువిచ్చే మనిషి, అంటే మనిషిలాంటి మనుబోతు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో వెళ్ళిపోవడం ఆయనకి నచ్చదు.

"...ఏ న్యాయస్థానంలోనూ దోషిగా తేలనివారు..."

"వాక్యం బాగుంది," అన్నారు మాస్టారు. "కర్త ఎవరో ఇంకా రాలేదు."

కర్త వచ్చారు. మాస్టారు వెళ్ళిపోయారు.

నూకాలు మిగతా వాక్యం ఖాళీ గడ్డికి వినిపించింది. ఆపితే చెట్టు దింపుతారు కదా. చివర్లో "తెలుస్తోంది" అని కూడా అంది.

చుక్కమ్మ పిల్లని పొట్ట కింద దాచుకుని చెట్టు మొదట్లోకి వచ్చింది.

"ఒసేయ్ నూకాలూ, రేపు నా పిల్ల వంతే. అది పరుగెత్తడం ఇంకా నేర్చుకోలేదు. కాస్త ముందుగా తెలియాలే దానికి."

"ఖర్ర్ మంటే నన్ను దింపేస్తారు వదినా. నన్ను దింపితే ఎల్లుండి నీకు చెప్పేదెవరు?" నూకాలు కొమ్మని పిడికిళ్ళతో గుద్దింది. "ఎన్ని నినాదాలొచ్చో నాకు! ఒక్కటీ పనికిరాదు. మాటలన్నీ ఆ వకీలు పట్టుకుపోయాడు, నాకు గౌరవం ఒక్కటే వదిలాడు!"

చుక్కమ్మ చెవులు నిక్కించింది.

"అదే చాలు," అంది.

"ఏమిటి చాలు?"

"గౌరవమే. నువ్వు ఎవరినీ గౌరవించవు. ఒట్టినే ఆ మాట నీ నోట రాదు. అందుకని నువ్వు 'గౌరవనీయులు' అన్నావంటే చాలు, మిగతాది మేం వినం. పరుగెడతాం."

నూకాలు కొమ్మ మీద తల వెనక్కి వాల్చి నవ్వింది. చట్టం వచ్చాక అది నవ్వడం అదే మొదలు.

చుక్కమ్మ ఆ సంగతి తల్లులకి చెప్పింది. తల్లులు పిల్లలకి నేర్పారు. చుక్కమ్మ పిల్ల కూడా నేర్చుకుంది. తల్లి చెవిలో "గౌరవనీయులు" అనగానే వణికే కాళ్ళతో లేచి దూకేది. ఆ అడవి పిల్లలకి మొదట వచ్చిన పెద్దమాట అదే. పెద్దపులి గారు వరసగా పస్తులున్నారు. వాక్యమంతా రూలు ప్రకారమే ఉంది. ఫిర్యాదు చేయడానికి వీల్లేదు.

"ప్రజల్లో క్రమశిక్షణ పెరిగింది," అని వకీలు సంతోషించాడు. "నాయకుల పేరెత్తితే చాలు, పనుల మీద పరుగులు పెడుతున్నారు."

జాంబయ్య గారు పరువు చట్టం విజయోత్సవం పెట్టించారు. గుహ ముందు రాతి తిన్నె మీద నిలబడ్డారు. మెడలో ఇప్పపూల దండ. ఆ పూలెక్కడివని ఎవరూ అడగలేదు. అడగడం కూడా చట్టం కింద వచ్చేసింది. తిన్నె కింద అడవంతా కూర్చుంది. మొదటి వరసలో చుక్కమ్మ, పక్కనే పిల్ల.

నూకాలు తిన్నె వెనక చెట్టు మీద ఉంది. జాంబయ్య గారు గొంతు సవరించుకుంటుండగా, ఆయన వెనక గుహలోంచి చారలు కదిలాయి. పస్తులున్న చారలు.

"గౌరవనీయులు!" అంది నూకాలు, గొంతు చించుకుని.

దుప్పులు గాలిలో లేచాయి. చుక్కమ్మ పిల్ల తల్లికంటే ముందుంది. కుందేళ్ళు, అడవికోళ్ళు, ముళ్ళపందులు, ఒక్క క్షణంలో సభ ఖాళీ. వకీలు పొద వెనక్కి చేరాడు.

జాంబయ్య గారు మాత్రం ఛాతీ పొంగించి, దండ సర్దుకున్నారు. ఆ వరస ఆయన గురించి కూడా అదే కదా.

"చెప్పు, చెప్పు. ప్రజాబంధువు అన్నది మరిచిపోయావు."

నూకాలు కిందికి చూసింది. పిల్ల కనుచూపు దాటిపోయింది. తిన్నె మీద మిగిలింది తన నోరు మూయించినవాడు ఒక్కడే. అది వాక్యం పూర్తి చేస్తే చాలు. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు.

కానీ కొండముచ్చు గొంతు చట్టం కంటే పాతది.

"ఖర్ర్! పులి! నీ వెనక పులి! పరుగెత్తవయ్యా, బుద్ధిలేనివాడా!"

జాంబయ్య గారి మొహం కందగడ్డయింది. "ఏమిటీ? పులా? గారు ఏదీ? ఇంత సభలో, నా చట్టం పండగనాడు, ఒక పెద్దమనిషిని..." ఆయన వేలెత్తి గర్జించారు. "రుజువుందా?"

రుజువు ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆ వారమే కోర్టు రెండు కేసులు విన్నది.

మొదటిది జాంబయ్య గారి హత్య. వకీలు ఇప్పుడు పెద్దపులి గారి తరఫున నిలబడ్డాడు. "చనిపోయారన్న జాంబయ్య గారు ఏరీ? కనబడరు. కనబడనివారు చనిపోయారని ఎలా అంటాం? ఆయన ప్రస్తుతం మరణించారన్న ఆరోపణలు ఎదుర్కొంటున్నారు, అంతే."

"నీ క్లయింటు పొట్ట అలా ఉందేమిటి?" అని అరిచింది చెట్టు మీంచి నూకాలు.

"ప్రజల కష్టాలు," అన్నాడు వకీలు.

కొండచిలువ గారు వాయిదా వేశారు.

రెండవది నూకాలు కేసు. రుజువు లేకుండా పులి అని కేక వేసిన నేరం. దానికి సాక్షులు అడవంతా. ఎవరూ కాదనలేదు, నూకాలుతో సహా. ఆ అడవి చరిత్రలో తడుముకోకుండా రుజువైన నేరం అదొక్కటే. చెట్టు దింపాలని తీర్పు వచ్చింది.

"దిగను," అంది నూకాలు. "వచ్చి దింపుకోండి."

పెద్దపులి గారు సన్న కొమ్మల మీదికి ఎక్కలేరు. వకీలుకి చెట్లెక్కడం రాదు. కొండచిలువ గారికి వచ్చు గానీ అప్పుడే భోజనం చేశారు. కనక తీర్పు అమలులో ఉంది, నూకాలు కొమ్మ మీద ఉంది.

పనిలో పనిగా పూలకేసు తీర్పు కూడా చదివారు. పందికొక్కు అరిగింది. "జాంబయ్య గారు పూలు తిన్నారనడానికి ఎలాంటి ఆధారమూ మిగలలేదు. ఆయన నిర్దోషి. ఈ సంగతి సగౌరవంగా ఆయనకి తెలియజేయాలి." వకీలు వెళ్ళి పెద్దపులి గారి పొట్ట దగ్గర వంగి, తీర్పు పైకి చదివి వినిపించి వచ్చాడు.

అధ్యక్ష పదవి పెద్దపులి గారికి దక్కింది. పోటీ చేసినవారు లేరు. ప్రమాణస్వీకారానికి మంచి ముహూర్తం చూశారు. చట్టప్రకారం రావాలి గనక అడవంతా వచ్చి కూర్చుంది, లేవడానికి వీలుగా ముందు కాళ్ళు నేలకి ఆనించి. పెద్దపులి గారు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ప్రమాణం తర్వాత విందు ఉంటుందని వకీలు ఆయన చెవిలో చెప్పాడు. విందు ఎదురుగానే కూర్చుని ఉందని కూడా చెప్పాడు.

వకీలు తిన్నె ఎక్కాడు. కోటు సర్దుకున్నాడు. అందరికీ వినబడేలా, చక్కటి గొంతుతో మొదలుపెట్టాడు.

"గౌరవనీయులు..."

దుమ్ము లేచింది. దుమ్ము తగ్గేసరికి తిన్నె ముందు ఒక్క ఈక మిగిలింది.

పెద్దపులి గారు అటూ ఇటూ చూశారు. తర్వాత వకీలు వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"మనిద్దరమే మిగిలాం," అన్నారు.

వకీలు నవ్వబోయాడు. చెట్టు వైపు చూశాడు. "నూకాలమ్మా," అన్నాడు. "ఆ పాత కేక... ఒక్కసారి..."

"ఖర్ర్!" అంది నూకాలు వెంటనే. చాలా గట్టిగా, మనసారా.

వకీలు పరుగెత్తాడు. పొదవైపే పరుగెత్తాడు. చేరాడా లేదా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. కేసు కొండచిలువ గారి దగ్గర ఉంది. ఆయన భోజనం చేస్తున్నారు.

నీతి: రుజువు లేకుండా పెద్దవాళ్ళని దొంగలు అనకూడదు, గౌరవనీయులు అనాలి, అని పరుగెత్తాలి.